బెదరింపునకు అరువు పేర్లు

నారాయణగూడ కూడలినుండి చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగరమువఱకు నడచిపోవువారికి దారిపొడవున గోడలమీదను స్తంభములమీదను రెండు రకముల ప్రకటనలు కానవచ్చును. ఉద్యోగపరీక్షలకు శిక్షణమిచ్చు సంస్థలవి కొన్ని. కొలది దినములలో ఇంగ్లీషు మాటలాడుట నేర్పెదమను సంస్థలవి కొన్ని. నల్లగొండ, ఖమ్మము, పాలమూరు, ఆదిలాబాదు ప్రాంతములనుండి వచ్చిన యువతీయువకులు ఇఱుకు గదులలో మంచమునకింత యని అద్దె చెల్లించి నివసించుచు, పగలెల్ల నగర కేంద్ర గ్రంథాలయములోను దాని ఆవరణములోను పుస్తకములు ముందిడుకొని కూర్చుందురు. వీరిలో పెక్కండ్రు తెలుగు బడులలో చదివి వచ్చినవారు. ఆకలి, అద్దె, తల్లి ఆరోగ్యము, ఊరి వానలు, వీనిని గుఱించి చక్కని తెలుగుననే మాటలాడుకొందురు. తమ్మెవరైన భయపెట్టిరని చెప్పవలసినప్పుడు మాత్రము వారి నోట తెలుగు రాదు. ఇంటి యజమాని 'వార్నింగు' ఇచ్చినాడట. కళాశాలలో పైతరగతివారు 'ర్యాగింగు' చేసినారట. అప్పుసంస్థవాడు 'టార్చరు' పెట్టుచున్నాడట. ఒకడు 'బ్లాకుమెయిలు' చేయుచున్నాడట. వీధి మొగను నిలుచువాడు 'రౌడీ'యట.

ఊరిలోని తండ్రి ఈ మాటలను ఫోనులో విని ఏమని గ్రహింపవలెను? పరీక్ష కఠినముగ నున్నను టార్చరే. గదిలో పంకా తిరుగకున్నను టార్చరే. అప్పులవాడు అర్ధరాత్రమున ఫోనుచేసి నీ చెల్లెలి బొమ్మను ఊరందఱకు పంపెదనని బెదరించినను టార్చరే. కొడుకునకు కలిగిన కష్టమెంతటిదో కొలుచుటకు తండ్రి చేతిలో కొలపాత్ర లేకపోయినది. బిడ్డలనీ పేటలకు పంపియున్న రైతులును, వారికి గదులు అద్దెకిచ్చు గృహస్థులును దీనిని గుఱించి యాలోచింపవలసియున్నది.

పరభాషా పదములు వచ్చుట తప్పని మేము వాదింపము. తెలుగుదేశమున దౌర్జన్యమునకు పైవారి పేర్లు వచ్చుట క్రొత్తయు గాదు. జులుము అరబ్బీ మాట. జబర్దస్తీ పారసీకము, పైనున్న చేయి యని దాని యవయవార్థము. ధమ్కీ హిందూస్తానీ. కచేరీ భాష ఏలినవారిదైనప్పుడు, దండించువాని మాటయే దండనపొందువాని నోటికి వచ్చుట సహజము. మేము విచారింపదలచినది వేఱొకటి. బెదరింపునకు పేరు పెట్టినదెవరు, బెదరించినవాడా, బెదరింపబడినవాడా? బెదరింపబడినవాడు పెట్టిన పేరు నొప్పిని చెప్పును. బెదరించినవాడు పెట్టిన పేరు నొప్పిని కప్పిపుచ్చును.

'మామూలు' అను మాటను చూడుడు. ఆచరింపబడుచున్నది, వాడుకైనది యని దాని యర్థము. బండివాని యొద్దను, దుకాణదారుని యొద్దను నెలనెలకు భయపెట్టి లాగుకొను సొమ్మునకు 'ఆచారము' అని పేరు పెట్టినవాని తెలివి మెచ్చదగినది! ఇచ్చువాడు ఆ పేరు పెట్టియుండడు. 'కబ్జా' యనగా కేవలము స్వాధీనము. అన్యుని నేల నాక్రమించుకొనుటకు తెలుగున అదియే పేరైనది. 'రజాకారు' అనగా స్వచ్ఛందసేవకుడు. 1948 సెప్టెంబరునకు ముందు తెలంగాణ పల్లెలలో ఆ సేవకులు చేసిన సేవవలన ఆ మాట యర్థమే తలక్రిందులయ్యెను. పేరు పెట్టినవారు సేవయనిరి. అనుభవించినవారు దానిని భయమునకు పర్యాయపదము చేసిరి. ఇట్లు అనుభవించినవారు గెలిచిన మాటలు అరుదు.

మన సొంత మాటల సంగతి యేమి? గద్దించుట, అదలించుట, కసరుట, దబాయించుట, జడిపించుట, బెదరించుట, హడలగొట్టుట, ఇవి యన్నియు నొకటి కావు. గద్దించుట తండ్రియు గురువును చేయదగినదే. అందు బిడ్డ మేలు కలదు. దబాయించుట తప్పు తనయందుండగా ఎదుటివాని నోరు మూయించుట; అది హిందూస్తానీ నుండి వచ్చినదేయైనను మనవారు దానికి ప్రత్యేకమైన యర్థమిచ్చి సొంతము చేసికొనిరి. జడిపించుటలో రాబోవు కీడును చూపుట యున్నది. బెదరుట యను మాట ఎడ్లకును గుఱ్ఱములకును చెల్లునది. చప్పుడునకు పశువు త్రాడు తెంపుకొని పోయినట్లు మనుష్యుని వివేకము తప్పించుట బెదరించుట. సంస్కృతమున చూపుడువ్రేలికి తర్జని యని పేరు. తర్జించునది, అనగా బెదరించునది, కావున తర్జని. ముఖము ముందర వ్రేలాడించు ఆ వ్రేలి నెఱుగనివారెవరు? ఇన్ని తారతమ్యములు గల స్థలమున నేడు 'వార్నింగు' అను నొక్క మాట కూర్చున్నది. గురువు గద్దించినను వార్నింగే, గూండా జడిపించినను వార్నింగే. మేలుకోరి చెప్పిన మాటకును, కీడుకోరి చెప్పిన మాటకును భేదము చెరిగిపోయినది.

ఇంగ్లీషువారి మాటలకు సారము లేదని దీనివలన తలపరాదు. వారి భాషలో ఈ పదముల చరిత్ర మిక్కిలి గొప్పది. మనకు శబ్దము మాత్రము వచ్చి చరిత్ర రాలేదు. బలహీనుని పీడించువానిని వారు 'బుల్లీ' యందురు. పదునాఱవ శతాబ్దమున ఈ మాటకు ప్రియుడనియు, ప్రియురాలనియు అర్థము. షేక్స్పియరు నాటకములలో స్నేహితులు స్నేహితుని ప్రీతితో ఇట్లు పిలుతురు. తరువాత అది డాంబికునికి చెల్లి, పిదప దుర్బలుల హింసించువానికి నిలిచినది. 'బ్లాకుమెయిలు'లోని మెయిలునకు టపాతో నెట్టి సంబంధమును లేదు. స్కాట్లండు, ఇంగ్లండు సరిహద్దులలో దోపిడి నాయకులు, మీ పశువులను మేము తోలుకొనిపోకుండుటకు ఇంత చెల్లింపుడని రైతులయొద్ద రాబట్టిన పన్నునకు అది పేరు. మామూలునకు ఇది అక్కగారు! కనుబొమలతో కొట్టుట యని యర్థమిచ్చు 'బ్రౌబీట్' అను మాట మన గుడ్లురుముటకు సరిజోడు. 'కౌ' యను క్రియ కలదు. అది గోవు కాదు, అణచుట యని యర్థము గల ఉత్తర దేశపు ప్రాచీన భాషలోని మాట.

1681లో ఫ్రాన్సు రాజగు పదునాలుగవ లూయీ, ప్రొటెస్టంటు మతస్థుల యిండ్లలో 'డ్రాగూన్' అను అశ్వికులను దించి, వారు మతము మార్చుకొనువఱకు తినిపించి పోషింపవలెనని నిర్బంధించెను. ఆ సిపాయి పేరే ఇంగ్లీషున బలవంతపెట్టుట యను క్రియ అయ్యెను. 'బుల్‌డోజు' అనునది నేలను చదునుచేయు యంత్రమునకు పూర్వమే పుట్టినది. 1876లో అమెరికా అధ్యక్షుని యెన్నికల కాలమున లూసియానా రాష్ట్రములో నల్లజాతి యోటరులను కొరడాలతో కొట్టి బెదరించుటకు ఆ పేరు వచ్చెను. యంత్రము ఆ పేరును తరువాత తీసికొనెను. నేడు ఇండ్లు కూల్చు యంత్రమును చూచి ఆ పేరు పలుకువారిలో దాని మూలము ఓటు హక్కు నపహరించుటలో నున్నదని యెఱిగినవారెందఱు? 1880లో ఐర్లండునందలి మేయో జిల్లాలో ఒక జమీందారుని ఏజెంటు కౌలుదారులను వెళ్లగొట్టబూనగా, ఊరివారెల్లరు అతనితో మాటయు, పనియు, సరకులమ్ముటయు మానివేసిరి. అతని పేరు కెప్టెన్ బాయ్‌కాట్. బెదరించినవాని పేరే బెదరింపబడినవారి యాయుధమునకు పేరైన చిత్రమిది. మన జాతీయోద్యమమునకు ఆ యాయుధ మెంత యుపకరించెనో చెప్పనక్కఱలేదు.

మనము వారికిచ్చిన మాటయు నొకటి కలదు. 'థగ్' అను ఇంగ్లీషు పదము మన 'ఠగ్గు'. దారిలో స్నేహము నటించి బాటసారులను ఉరిబిగించి చంపినవారిని గూర్చి 1839లో లండనులో వెలువడిన నవలచేత ఆ మాట ఇంగ్లండున వ్యాపించినది. ఆ నవల వ్రాసిన మెడోస్ టెయిలరు నిజాము సైన్యమున కొలువు చేసినవాడే. ఇట్లు హైదరాబాదు రాజ్యపు కొలువునుండి వెడలిన మాట నేడు ఇంగ్లీషు వార్తాపత్రికలలో ప్రతి వీధి దుండగునకును చెల్లుచున్నది. దానికి బదులుగా వారు మనకు 'రౌడీ' నిచ్చిరి. అది అమెరికాలో పుట్టినది. ఇంగ్లండున అల్లరిచేయు పిల్లల గుంపును కూడ రౌడీ యందురు. మన పోలీసు ఠాణాలో అది గుణము గాక మనుష్యుడైనది. వానికొక షీటును తెఱువబడును. సినిమాలలో అదియే బిరుదమైనది!

ఇంతవఱకు చెప్పిన ఇంగ్లీషు మాటలలో పెక్కు, పీడితుల కథలను మోయుచున్నవి. మన కళాశాలలలో దిగిన 'ర్యాగింగు' అట్టిది కాదు. ఇంగ్లండు విద్యాలయములలో 'రాగ్' అనగా గొడవతో గూడిన వేడుక. చేయువారికి వేడుక, వారు పెట్టిన పేరది. క్రొత్తగా వచ్చిన పిల్లవానిని రాత్రియంతయు నిలువబెట్టి, బట్టలూడ్పించి, తల్లిదండ్రులను తిట్టించి, దానికి వేడుక యని పేరు పెట్టుటవలన ఉపాధ్యాయులును, తల్లిదండ్రులును చిరకాలము దానిని వేడుకగనే యెంచిరి. 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ 26వ చట్టముచేత దీనిని నిషేధించినది. ఆ చట్టము వేడుక యను ముసుగును తీసి, లోపల నున్న పనులను వేఱువేఱుగ లెక్కించినది. ఎగతాళిచేసి అవమానించినచో ఆఱు నెలలవఱకు ఖైదు; కొట్టినను, బెదరించినను ఒక సంవత్సరము; నిర్బంధించినను, గాయపఱచినను రెండు; తీవ్రముగ గాయపఱచినను, అపహరించినను, మానభంగము చేసినను ఐదు; మరణమునకు గాని ఆత్మహత్యకు గాని కారణమైనచో పది సంవత్సరములు లేక యావజ్జీవము. ఫిర్యాదు వచ్చియు ఊరకుండిన విద్యాలయాధిపతి ఆ నేరమునకు ప్రోత్సాహము చేసినట్లే యెంచబడును.

చట్టము వచ్చిన తరువాతనైనను ఆ పేరు మనస్సులను విడువలేదు. 2009 మార్చిలో హిమాచల ప్రదేశమునందలి ఒక వైద్యకళాశాలలో ప్రథమ సంవత్సర విద్యార్థి పెద్దల దెబ్బలకు మరణించెను. ఆ యేడే విశ్వవిద్యాలయ ధనసంఘము నిబంధనలు గావించి, ప్రతి విద్యార్థియు, వాని తల్లిదండ్రులును ప్రమాణపత్రము వ్రాసి యియ్యవలెనని శాసించినది. 2023 ఫిబ్రవరిలో వరంగల్లు కాకతీయ వైద్యకళాశాలలో ఉన్నతవిద్య నభ్యసించుచున్న గిరిజన వైద్యురాలొకతె మరణించినప్పుడు, వాట్సాపు గుంపులో ఆమె నవమానపఱచిరనునది పోలీసులు పేర్కొన్న యారోపణలలో నొకటి. చేతితో ముట్టకయే మనుష్యుని కూల్చవచ్చునని దీనివలన తేలుచున్నది. దీనికి వేడుక యను పేరు పెట్టుటకు నోరెట్లు వచ్చును?

'ఈవ్ టీజింగు' ఇట్టిదే. ఆదిమాతను ఆటపట్టించుట యని దాని భావము. వీధిలో ఆడుబిడ్డల వెంటబడి హింసించుటకు మన దేశపు ఇంగ్లీషువారు కల్పించిన ముద్దుపేరిది. 1998లో తమిళనాడు ప్రభుత్వము ఆ పేరుతోనే యొక చట్టము చేసినది. పిమ్మట ఆ పేరులోని యపహాస్యమును గ్రహించి 2002లో చట్టమునకే పేరు మార్చి, స్త్రీలను వేధించుటను నిషేధించు చట్టమని దిద్దుకొన్నది. ఒక పొరుగు రాష్ట్రము చట్టమును దిద్దవలసినంత బలము మాటలో నున్నది గదా! మన నగరమున 2014 అక్టోబరు 24న 'షీ' బృందములు పని ప్రారంభించినవి. వీధిలో తాము చేయుచున్నది ఆట యని పట్టుబడినవారు పలుకుట నేటికిని వినవచ్చును.

భాషయే బెదరింపునకు సాధనమగుటయు కలదు. 1921 నవంబరు 12న ఈ నగరములోని వివేకవర్ధనీ విద్యాలయమున మహర్షి కర్వే గారి యధ్యక్షతను సంఘసంస్కరణ మహాసభ జరిగెను. అది నారాయణగూడనుండి నడచిపోదగిన దూరము. ఇతర భాషలలో జరిగిన ఉపన్యాసములను సభవారు ఓపికగ వినిరి. ఆలంపల్లి వేంకటరామారావు గారు తెలుగున ప్రారంభింపగా చప్పట్లు చఱచి, ఎగతాళిచేసి, గొంతు వినబడనీయరైరి. ఎవరును కఱ్ఱ యెత్తలేదు, కత్తి చూపలేదు. అయినను అది బెదరింపే. నీ భాషకు ఇక్కడ చోటు లేదని వేయిమంది యెదుట చెప్పుటకంటె వేఱొక తర్జనము లేదు. సభలోనున్న తెలుగువారు ఆ రాత్రియే కూడి ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. దానినుండియే 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి గారి యధ్యక్షతను ప్రథమాంధ్ర మహాసభ సమకూడినది. 1928లో మాడపాటి హనుమంతరావు గారు తెలుగు బాలికలకొఱకు నారాయణగూడలోనే పాఠశాల నెలకొల్పిరి.

ఆ పేటలోనే నేడు తెలుగు బడినుండి వచ్చిన పిల్లవాడు ఇంగ్లీషు మాట తప్పుగ పలికినచో తోటివారు నవ్వుచున్నారు. నవ్వువారును తెలుగువారే. 1921నాటి సభలో నవ్వినవారు పరభాషీయులనియైన సమాధానపడవచ్చును. ఇప్పుడు ఆ యూరటయు లేదు. ఆ నవ్వునకు జడిసి మౌనముగ నుండువాడు రేపు నిజముగ బెదరింపబడినప్పుడు ఠాణాకు పోయి నోరు విప్పునా?

ఇంగ్లీషు మాట తెలియకపోవుటనే పెట్టుబడిగ చేసికొన్న దుండగులు ఇటీవల బయలుదేరిరి. 'డిజిటల్ అరెస్టు' అను మాటను వినని గృహస్థుడు నేడీ పేటలలో నుండడు. పోలీసు దుస్తులు ధరించినవాడు వీడియోలో ప్రత్యక్షమై, మీ పేరిట వచ్చిన మూటలో మత్తుపదార్థములు దొరకినవి, మిమ్ము డిజిటల్ అరెస్టు చేసితిమి, గది తలుపులు మూసి మాయెదుటనే యుండుడు, ఎవ్వరితోను చెప్పకుడు, అనును. ఇది ముఖ్యముగ చదువుకొన్నవారిని, పింఛను పుచ్చుకొను వృద్ధులను పట్టిన ఉచ్చు. ఆ మాటలో రెండు భాగములును వారికి తెలిసినవే. రెండు కలిసినప్పుడు ఏమో యొక క్రొత్త చట్టము కాబోలునని భ్రమించి, జీవితకాలము కూడబెట్టిన ధనమును పంపివేయుదురు. అట్టి యరెస్టు ఈ దేశపు చట్టములలో నెక్కడను లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రియే రేడియోలో ఈ సంగతి చెప్పవలసి వచ్చెను. "నిన్ను ఫోనులో ఖైదు చేసినాను" అని తెలుగున పలికి చూడుడు; పిల్లలు సైతము నవ్వుదురు. అదే ఇంగ్లీషున పలికినచో పండితులు చెమట పట్టుచున్నారు. ఇట్టి మోసమునకు లోనైనవారు తడవుచేయక 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను.

ఫోనులో అప్పులిచ్చు సంస్థలదియు నిట్టిదే. 2020 డిసెంబరులో ఈ నగరమున అట్టి సంస్థల వేధింపులపై పోలీసులు వరుసగ అరెస్టులు చేసిరి. 'రికవరీ' యను మర్యాదయైన మాట చాటున వారు చేసినది బంధువులకెల్ల ఫోనులు చేసి పరువు తీయుట. 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు, ఉదయము ఎనిమిది గంటలకు ముందును సాయంకాలము ఏడు గంటల తరువాతను వసూలుకై ఫోను చేయరాదనియు, బెదరింపులు, అవమానములు కూడవనియు బ్యాంకులకును, అప్పుసంస్థలకును ఆజ్ఞాపించినది. గడియారము చూచుకొని యా వేళను వ్రాసియుంచుకొన్నవాని ఫిర్యాదునకు బలము కలదు.

చిక్కడపల్లి ఠాణాకు పోయి, 'నన్ను హరాసుమెంటు చేయుచున్నాడు' అని చెప్పినవానిని అక్కడి లేఖకుడు మొదట అడుగునది, 'ఏమి చేసినాడు?' అని. ఆ ప్రశ్న న్యాయమైనదే. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 351వ విభాగము ప్రకారము, ఒకని దేహమునకు గాని, ఆస్తికి గాని, పరువునకు గాని హాని చేసెదనని చెప్పి భయము కలిగించుట నేరము; రెండేండ్లవఱకు ఖైదు. చంపెదననియో, తీవ్రముగ గాయపఱచెదననియో చెప్పినచో ఏడేండ్లవఱకు. పేరు దాచి బెదరించినచో అదనముగ మఱి రెండు. శిక్ష యెంతయనునది పలికిన మాటమీద నాధారపడియున్నది. 'టార్చరు పెట్టినాడు' అను వాక్యమున ఈ విభాగమునకు పట్టు చిక్కదు. 'ఈ నెలలోపల గది ఖాళీ చేయకున్న కాళ్లు విఱుగగొట్టెదనని, మొన్న శుక్రవారము రాత్రి తొమ్మిది గంటలకు మెట్లమీద, ఇద్దఱు వినుచుండగా అనినాడు' అను వాక్యమున చిక్కును.

దీనిని ఇంగ్లీషున వ్రాయనక్కఱలేదు; వ్రాయనేరకున్నను బాధలేదు. నోటితో చెప్పినను ఠాణా యధికారి వ్రాసికొని, చదివి వినిపించి, సంతకము తీసికొని, ప్రతిని ఉచితముగ నియ్యవలెనని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ విభాగము విధించుచున్నది. అతడు నిరాకరించినచో ఆ సంగతినే వ్రాసి టపాలో పై యధికారికి పంపవచ్చును. అటుపిమ్మట మేజిస్ట్రేటు నాశ్రయింపవచ్చును. పంపిన రసీదును భద్రపఱచుకొనవలెను.